రెండు గేట్ల రాజీ

ఆగస్టు 30, శనివారం

వినాయకుణ్ణి క్లబ్‌హౌస్ వెనక నీళ్ళ తొట్టిలో నిమజ్జనం చేశాం. చెరువులో కలపడానికి కాలనీ బోర్డు ఒప్పుకోదు. తొట్టిలోనైతేనేం, ఆయనకి మునగడం ముఖ్యం.

మన ఆనవాయితీ ప్రకారం ఒక చేత్తో పులిహోర ప్లేటు ఇస్తూ రెండో చేత్తో, తమ బదులు నన్ను ఓటు వేయమనే ప్రాక్సీ కాగితాలు తీసుకున్నాను. నవంబరులో కాలనీ సాధారణ సమావేశం ఉంటుంది. ఇంటికో ఓటు. మనవాళ్ళెవరూ రారు. "మీరే చూసుకోండి అంకుల్" అని నా పేరు రాసి, సంతకం గీకి, ఇంకో గరిటె పులిహోర అడుగుతారు. దేనిమీద ఓటింగో ఈసారీ ఎవరూ అడగలేదు. పోయినేడు స్విమ్మింగ్ పూల్ టైమింగులు, అంతకుముందు కంచెల రంగు. ఇరవై ఇళ్ళకి పైగా తెలుగు ఓట్లు నా సంచిలో ఉన్నాయి. వైట్ ఓక్ ప్లాంటేషన్ అనే మా కాలనీకి నేనో చిన్నపాటి ఎమ్మెల్యేని.

మా ఆవిడ దమయంతి మాత్రం సంతకం పెడుతూ, "ఇంతమంది ఓట్లు ఒక్క మనిషి దగ్గర ఉండటం మంచిదంటారా?" అంది. పులిహోరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టే అడిగింది. సరిపోయింది అన్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

పక్కింటి హాకిన్స్ పొద్దున్నే కంచె దగ్గరికొచ్చి పిలిచాడు. ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. నన్ను వీర్ అంటాడు. మాట తక్కువ. అలాంటి మనిషి ఈరోజు నిలబడి చాలాసేపు మాట్లాడాడు.

కాలనీ పేరులోంచి ప్లాంటేషన్ అన్న మాట తీసేయాలని తీర్మానం పెడుతున్నాడట. వాళ్ళ తాతమ్మ లూసియానాలో, బానిసలతో సాగు చేయించే ఒక ప్లాంటేషన్‌లో బానిసగా పుట్టిందట. "ఇన్నేళ్ళూ ఆ గేటు కిందనుంచి తల వంచుకుని ఇంటికొచ్చాను వీర్. ఇప్పుడు మా మనవరాలు చదవడం నేర్చుకుంది. మొన్న కారాపించి, గేటు మీద అక్షరాలు కూడబలుక్కుని, అంటే ఏంటి తాతా అంది. ఏం చెప్పను?" అన్నాడు.

గృహప్రవేశం నాడు నేనే ఫోన్లు చేసి మరీ 'తోటలో ఇల్లు కొన్నాం' అని అందరికీ చెప్పుకున్నాను.

తీర్మానం గెలవాలంటే కాలనీలో మూడింట రెండొంతుల ఇళ్ళు ఔననాలి. "నీ దగ్గరున్న ఓట్లు లేకుండా నాకు రావు" అన్నాడు. చూద్దాం అన్నాను. దాన్ని ఇంగ్లీషులో ఎలా అన్నానో గుర్తులేదు, ఆయన మాత్రం థాంక్స్ చెప్పాడు.

దమయంతి వంటింట్లోంచి విన్నది. "చూద్దాం ఏంటండీ? ఆ మంచు తుఫాన్లో కరెంటు పోయి మనం వణికిపోతుంటే ఆయన చూద్దాం అన్నాడా?"

అనలేదు నిజమే. జనరేటర్ ఉన్న తన ఇంటికి మమ్మల్ని తీసుకెళ్ళాడు. కరెంటు వచ్చేదాకా వాళ్ళ హాల్లోనే పడుకున్నాం. ఆయన భార్య లొరెయిన్ వండిన మొక్కజొన్న జావలో దమయంతి ఆవకాయ కలిపిస్తే హాకిన్స్ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా రెండోసారి వడ్డించుకున్నాడు. నాకన్నీ గుర్తున్నాయి. కానీ నాకు గొడవలు పడవు.

సెప్టెంబర్ 13, శనివారం

బోర్డు ప్రెసిడెంట్ డేల్ విట్లాక్ కాఫీకి పిలిచాడు. చెడ్డవాడని అనలేను. ఈ కాలనీలో మొదటి ఇల్లు కట్టుకున్నది వాళ్ళే. గేటు మీది ఆ పేరు చనిపోయిన వాళ్ళావిడ ఎంచి పెట్టిందట.

తర్వాత అసలు సంగతికొచ్చాడు. మన కుర్రాళ్ళు క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడటం, కారు అద్దాలు పగలటం, ఫిర్యాదులు ఆయనకి తెలుసు. చెరువు పక్కన ఖాళీ జాగాలో పిచ్ వేయిద్దామన్నాడు. దీపావళికి టపాసులకీ ఒక సాయంత్రం అనుమతి. "నువ్వు వ్యతిరేకంగా ఓటు వేయనక్కర్లేదు వీర్. అసలు వేయకు, చాలు" అన్నాడు.

ఎంత తేలికపడ్డానో చెప్పలేను. హాకిన్స్‌కి ఎదురు నిలబడాల్సిన పని లేదు. మనవాళ్ళు నాలుగేళ్ళుగా అడుగుతున్న పిచ్ వస్తుంది. మన క్రికెట్ జట్టుని నడిపే వెంకటస్వామికి ఫోన్ చేసి చెబితే ఎగిరి గంతేశాడు. "అన్నా, నువ్వు మామూలోడివి కాదే! గీ పిచ్ గనక వచ్చిందంటే నీ పేరే పెడ్తం" అన్నాడు.

సెప్టెంబర్ 14

ఓటు వేయకపోవడం అంటే కాదనడం కాదు.

సెప్టెంబర్ 20, శనివారం

స్నానం చేస్తుంటే బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కాలనీకి రెండు గేట్లు కదా. విట్లాక్ వాళ్ళంతా తూర్పు గేటు వైపు, హాకిన్సూ మేమూ పడమటి గేటు వైపు. పడమటి గేటు మీద ఆ మాట తీసేసి తూర్పు గేటు మీద ఉంచేస్తే? పాము చావదు, కర్రా విరగదు. రోడ్డుకి అటు వాళ్ళది వాళ్ళకి, ఇటు వీళ్ళది వీళ్ళకి.

భోజనాల దగ్గర చెప్పాను. మా అమ్మాయి దియ ఎనిమిదో తరగతి. హిస్టరీ ప్రాజెక్టుకి బానిసత్వం మీద ఈ దేశంలో జరిగిన సివిల్ వార్ ఎలా వచ్చిందో రాస్తోంది. నోట్లో ముద్ద పెట్టుకునే పకపకా నవ్వింది.

"నాన్నా! దట్స్ మిస్సోరి కాంప్రమైజ్! 1820లో సేమ్ చేశారు. మ్యాప్ మీద లైన్ గీసి, కింద స్లేవరీ ఓకే, పైన నో అన్నారు."

"పనిచేసిందా?"

"థర్టీ ఫోర్ ఇయర్స్ ఉంది ఆ లైన్."

"చూశావా మరి! ముప్పై నాలుగేళ్ళకి నేను ఎక్కడుంటానో" అన్నాను.

"హాకిన్స్ అంకుల్‌ని అడిగావా?"

ముందు బోర్డు ఒప్పుకోనీ అన్నాను. దమయంతి పెరుగు గిన్నె నా ముందు కొంచెం గట్టిగా పెట్టింది.

అక్టోబర్ 1, బుధవారం

బోర్డు ఒప్పేసుకుంది. పనివాళ్ళొచ్చి పడమటి గేటు మీద అక్షరాలు ఊడదీశారు. ఆఫీసునుంచి వస్తూ కారాపి చూశాను. ఊడదీసిన చోట రాయి తెల్లగా మిగిలిపోయింది. ప్లాంటేషన్ అని ఇంకా చక్కగా చదవొచ్చు. ఎండకి అదే కలిసిపోతుంది.

హాకిన్స్ బయటే ఉన్నాడు. నేనే ముందుగా వెళ్ళి, ఇదంతా నా ఆలోచనే అని చెప్పాను. మెచ్చుకుంటాడని అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

"ఎవర్ని అడిగి చేశావు?" అన్నాడు.

"నీకోసమే..."

"మా మనవరాల్ని బడికి తీసుకెళ్ళేది తూర్పు గేటు నుంచి. ఆ గేటు దగ్గర కళ్ళు మూసుకోమని చెప్పనా?"

తీర్మానం వెనక్కి తీసుకోనన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

అక్టోబర్ 5, ఆదివారం

ఇళ్ళ ముందు గడ్డిలో బోర్డులు మొలిచాయి. 'పేరు మార్చండి' అని కొందరివి, 'మన పేరు మనదే' అని కొందరివి. పదేళ్ళుగా కుక్కల్ని కలిసి తిప్పేవాళ్ళు ఇప్పుడు రోడ్డుకి చెరో పక్క నడుస్తున్నారు.

చెరువు పక్కన మాత్రం గడ్డి కోసి నేల చదును చేస్తున్నారు. వెంకటస్వామి వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. బోలెడు దండాలు, చప్పట్లు. ఆ వీడియో నాలుగుసార్లు చూసుకున్నాను.

అక్టోబర్ 9, గురువారం

కాలనీ బోర్డు కొత్త నియమం తెచ్చింది. ముందుగా అనుమతి లేనిదే ఇళ్ళ ముందు బోర్డులు పెట్టకూడదు. చక్కగా ఉందనుకున్నాను, శాంతిగా ఉంటుంది. తీరా చూస్తే 'మన పేరు మనదే' బోర్డులన్నిటికీ ముందురోజే అనుమతి వచ్చేసిందట.

కింద ఇంకో వాక్యం ఉంది. కమిటీ సభ్యులు తమ వీధిలో అనుమతి లేనివాటిని ఫొటో తీసి పంపాలి. నేను మొక్కల కమిటీలో ఉన్నాను. మా వీధికి నేనే. మా వీధిలో బోర్డు పెట్టింది హాకిన్స్ ఒక్కడే. విట్లాక్ విడిగా మెసేజ్ పెట్టాడు: 'పిచ్ పని ఆగకూడదు కదా.'

దియ తన ప్రాజెక్టు చదివి వినిపించింది, నేను అడక్కపోయినా. 1850లో ఇంకో రాజీ అట. కాలిఫోర్నియాలో బానిసత్వం ఉండదు, సరే. బదులుగా పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టివ్వడంలో ఉత్తరాది వాళ్ళు కూడా సాయపడాలని చట్టం. "అప్పటిదాకా దే కుడ్ సే, మాకేం సంబంధం లేదు అని. ఆ లా వచ్చాక వాళ్ళ హ్యాండ్స్‌తోనే చేయించారు నాన్నా. దానికే చాలామందికి ఫుల్ కోపం వచ్చింది."

"సరే, హోంవర్క్ చూసుకో" అన్నాను.

"ఇదే హోంవర్క్."

అక్టోబర్ 11, శనివారం

దమయంతి దియని తీసుకుని పక్క ఊరు ప్లేనోకి కూరగాయలకి వెళ్ళింది. మేడమీద దియ గదిలోంచి హాకిన్స్ ముంగిలి బాగా కనిపిస్తుంది. ఫోన్ జూమ్ చేసి ఒకటి తీశాను. వెంటనే కర్టెన్ లాగేశాను. సరిగ్గా వచ్చిందో లేదో కూడా చూడలేదు, పంపేశాను.

పంపేశాక కాఫీ పెట్టుకున్నాను. తాగబుద్ధి కాలేదు.

అక్టోబర్ 12

అది నియమం. నా స్థానంలో ఎవరున్నా తియ్యాల్సిందే.

అక్టోబర్ 18, శనివారం

రోడ్డు మీద కేకలు వినబడి పరుగెత్తాను. తూర్పు గేటు మీద అక్షరాలు ఎవరో సుత్తితో పగలగొట్టారు. దానికి బదులుగా మరెవరో హాకిన్స్ కారు టైర్లు కోసేశారు. బయట కాలనీలనుంచి ఇరువైపులకీ మనుషులు దిగారు. ఎవరి మొహమూ నేనెరగను. ఒకడు విట్లాక్‌ని తోశాడు, ఆయన గులాబీ పొదలో పడ్డాడు. లేపబోతే "నీ మనుషులు ఎక్కడ?" అని నామీద విరుచుకుపడ్డాడు. నాకు మనుషులెక్కడున్నారు? పులిహోర తినే మనుషులున్నారు.

ఇంటికొస్తే దియ మెట్లమీద కూర్చుని ఉంది. భయపడింది. నా బిడ్డ ఈ వీధిలో భయపడటం ఇదే మొదలు.

"కాన్సస్‌లో ఇలాగే అయింది నాన్నా. లైన్ చెరిపేసి, మీరే ఓటేసి డిసైడ్ చేసుకోండి అన్నారు. రెండు వైపులా బయటివాళ్ళు గన్స్ తీసుకుని వచ్చారు. ఇళ్ళు తగలబెట్టారు. సెనేట్‌లో ఒకతన్ని కర్రతో కొట్టి కొట్టి ఆల్మోస్ట్ చంపేశారు." మళ్ళీ తనే, "ఇన్ని కాంప్రమైజ్‌లు చేశారు కదా, ఒక్కదానికైనా స్లేవ్స్‌గా ఉన్నవాళ్ళని అడగలేదు. గొడవ వాళ్ళ గురించే కదా?" అంది.

బోర్డు వాళ్ళని, వెంకటస్వామిని, అందరినీ అడిగాను. కంచె అవతల ఉన్న మనిషిని అడగలేదు.

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి

టపాసులకి అనుమతి ఉంది. కాల్చలేదు.

దమయంతి ఎప్పటిలాగే మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. లొరెయిన్ తీసుకుందిగానీ లోపలికి రమ్మనలేదట. బోర్డు పెట్టినందుకు వాళ్ళకి జరిమానా నోటీసు వచ్చిందట. "ఎవరో ఈ వీధి వాళ్ళే ఫొటో తీసి పంపారట. ఎవరై ఉంటారండీ?" అని నా మొహంలోకి చూసింది.

ఏమో అన్నాను.

నవంబర్ 2, ఆదివారం

దమయంతి తన ఓటు తనకి కావాలంది.

"ఇంటికి ఒకటే ఓటు" అన్నాను.

"తెలుసు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. మొగుడూ పెళ్ళాలు చెరో మాట అంటే ఆ ఇంటి ఓటు చెల్లదట, అదీ తెలుసుకున్నాను. నేను మీటింగుకి వస్తాను, ఔననే అంటాను. మీరు నోరు మూసుకుని కూర్చుంటే మన ఇంటికి ఓటే లేకుండా పోతుంది. పోనివ్వండి. గోడమీద పిల్లిలా ఎన్నాళ్ళు కూర్చుంటారు?"

పాతికేళ్ళ కాపురంలో నాతో ఇలా మాట్లాడలేదు. కోపం రాలేదు, భయమేసింది. ఈ ఇంట్లో కూడా గీత పడిందే అనిపించింది.

నవంబర్ 5

వెంకటస్వామి మూడుసార్లు ఫోన్ చేశాడు. "అన్నా, వదిన మా ఆవిడకి ఫోన్ జేసి మీటింగుకి రమ్మంటుందంట! ఇంటింటికీ జేస్తుందంట! పిచ్ సంగతేంది? నువ్వు జర గట్టిగ జెప్పరాదే?"

ఆమెకి గట్టిగా చెప్పే మొగుడెవడో నాకు తెలియదు.

నవంబర్ 8, శనివారం

మొత్తం రాసుకోవాలి.

క్లబ్‌హౌస్ కిక్కిరిసిపోయింది. మధ్యలో నడవ. ఒక పక్క విట్లాక్ వాళ్ళు, ఒక పక్క హాకిన్స్ వాళ్ళు. దమయంతి దియని తీసుకుని నేరుగా వెళ్ళి లొరెయిన్ వెనక కూర్చుంది. మనవాళ్ళు ఎన్నడూ లేనిది చాలామంది వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను ప్రాక్సీల సంచి పట్టుకుని నడవలో నిలబడిపోయాను. ఎటు కూర్చున్నా ఒకటే, ఖాళీ కుర్చీలు లేవు.

ఓటింగుకి ముందు విట్లాక్ నియమాల ఉల్లంఘనలంటూ తెర మీద ఫొటోలు వేశాడు. మూడోదో నాలుగోదో నాది.

హాకిన్స్ ఇల్లు. ముంగిట్లో బోర్డు. ఫొటోకి ఓ మూల దియ గది ఊదారంగు కర్టెన్ అంచు. బోర్డు వెనక, వరండాలో హాకిన్స్ నిలబడి ఉన్నాడు. కిటికీలో నన్ను చూశాడు. చూసి, నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు.

నేను చూసుకోలేదు. భగవంతుడా, చూసుకోకుండా పంపాను. గోడంత తెర మీద ఆ ముసలాయన నాకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"కమిటీ సభ్యుడొకరు పంపారు" అన్నాడు విట్లాక్, నా పేరు చెప్పకుండా. మేలు చేస్తున్నాననుకున్నాడు. దియ ఆ కర్టెన్ వంక చూసింది, తర్వాత నా వంక. దమయంతి తల దించుకుంది. హాకిన్స్ మాత్రం వెనక్కి తిరగలేదు. ఆయనకి మొదటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు.

"ఆ ఫొటో తీసింది నేను" అన్నాను.

తర్వాత ఓట్లు. నా వంతు వచ్చేసరికి విట్లాక్ సంచికేసి చూసి, "ఇవన్నీ వేయడం లేదు, అంతేనా?" అన్నాడు.

ఒక్క క్షణం ఆశ పుట్టింది. అన్నీ ఔనని వేసేస్తే తీర్మానం గెలుస్తుంది, నా తప్పు కడుక్కుపోతుంది. కానీ అవి నావి కావు. ఎవరినీ ఏమీ అడక్కుండా పులిహోర పెట్టి తీసుకున్నవి. "ఆ ఇళ్ళవాళ్ళలో చాలామంది ఇక్కడే ఉన్నారు. వాళ్ళనే అడగండి" అని కాగితాలు ఎవరివి వాళ్ళ చేతికిచ్చేశాను.

"మరి మీ ఇల్లు?"

దమయంతి లేచి నిలబడింది. నా వైపు చూడలేదు. "ఔను" అంది.

"ఔను" అన్నాను నేనూ.

మనవాళ్ళలో కొందరు ఔనన్నారు. కొందరు కాదన్నారు. వెంకటస్వామి నేల చూపులు చూస్తూ కాదన్నాడు, వాళ్ళావిడ "ఔను" అని అరిచింది. వాళ్ళ ఓటు చెల్లలేదు. రాని ఇళ్ళ కాగితాలు నా సంచిలోనే మిగిలిపోయాయి.

తీర్మానం ఓడిపోయింది. అట్టే తేడా లేదు. సెప్టెంబరులో ఇంటింటికీ వెళ్ళి అడిగి ఉంటే గెలిచేది. ఈ మాట ఎవరూ అనలేదు. నేనే అంటున్నాను.

బయటికొచ్చాక హాకిన్స్ దగ్గరికి వెళ్ళాను. సారీ అన్నాను. ఆయన తాళాలు వెతుక్కుంటూ, "జరిమానా పడినందుకు బాధ లేదు వీర్. ఆ రోజు నువ్వు కర్టెన్ వేసేశావు. నేను చెయ్యి ఊపుతూ అలాగే నిలబడి ఉన్నాను" అని కారెక్కాడు.

నవంబర్ 9, ఆదివారం

రాని ఇళ్ళకి వెళ్ళి కాగితాలు తిరిగిచ్చాను. ప్రతి గుమ్మంలోనూ జరిగింది చెప్పాను. "మనకెందుకు అంకుల్" అన్నారు ఒక ఇంట్లో. వాళ్ళింట్లోనే ఎక్కువసేపు కూర్చున్నాను.

పిచ్ పని ఆగిపోయింది. సగం చదును చేసిన నేలలో వర్షం నీళ్ళు నిలిచాయి.

నవంబర్ 12

దియ ప్రాజెక్టు ఇచ్చేసింది. చివర ఏం రాశావంటే, "వార్ వచ్చింది అని" అంది. అమ్మ పిలుస్తోందని వెళ్ళిపోయింది.

నవంబర్ 15, శనివారం

చెత్త డబ్బా పెట్టడానికి వెళ్తే హాకిన్స్ వరండాలో కాఫీ తాగుతున్నాడు. చెయ్యి ఊపాను. చూశాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

నవంబర్ 16

ఊపాను. చూడలేదు.

నవంబర్ 17

ఊపాను.

నవంబర్ 22, శనివారం

ఊపాను. ఈసారి లోపలికి వెళ్ళలేదు. కప్పు పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు. నా వెనక, మా గుమ్మంలో దమయంతి నిలబడి చూస్తోంది. నా చెయ్యి నొప్పి పుట్టేదాకా దించలేదు.